సన్యాసమ్మ కిటికీ మూయదు

మా భవానీపురంలో ఆదివారం సాయంత్రం కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ మెట్ల మీద కూర్చోవడానికి చోటు దొరకదు. దొరకని చోట చోటు చేయించడం సన్యాసమ్మ పిన్నికి తెలిసిన విద్య. "కాస్త జరగండి బాబూ, ఈ మోకాళ్ళ నొప్పులు రేపు మీకూ వస్తాయి" అంటుంది. జరుగుతారు. ఆ గొంతు వింటే ఎవరైనా జరుగుతారు. బందరు దగ్గర సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. వల లాగేటప్పుడు వాళ్ళ నాన్న పాట ఎత్తుకునేవాడట. ఆయన గొంతు బొంగురుపోయిన రోజున ఈవిడ ఎత్తుకునేదట. అలల హోరును దాటి అందరికీ వినిపించాలి కదా. అపార్టుమెంటులోకి వచ్చాక ఆ గొంతు తగ్గించుకోమని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆవిడ తగ్గించుకోలేదు.

మేము నలుగురం. నా పేరు సాయిశ్రీ, బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. హెప్సిబా టీచరుది మా ఎదురు ఫ్లాటు. పద్మావతమ్మగారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటప్పయ్యగారి భార్య. నాలుగో మనిషి పిన్ని. నడక పేరు చెప్పి బయల్దేరతాం కానీ నడిచేది తక్కువ, తినేది ఎక్కువ. వేడి వేడి పునుగులు, అల్లం పచ్చడి. ఎప్పుడైనా లాంచీ ఎక్కి భవానీ ద్వీపం. హెప్సిబా ఫోనులో పాత పాటలు పెడుతుంది, పద్మావతమ్మగారు సన్నగా కూనిరాగం తీస్తారు. చివరికి పిన్ని తన వల పాట ఎత్తుకుంటే మేము ముగ్గురం పక్కవాళ్ళు తిరిగి చూసేలా "హైలెస్సా" అంటాం. వారమంతా షాపులో ఎవరి కళ్ళకో అద్దాలు తొడిగే నాకు ఆ ఒక్క గంటా పండగే.

భర్త పేరయ్య బాబాయి పోయాక పిన్ని కొడుకు దగ్గరికి వచ్చేసింది. కొడుకు గంగాప్రసాద్‌కి కొండపల్లి వైపు థర్మల్ స్టేషన్లో షిఫ్టు ఉద్యోగం. నెమ్మదస్తుడు. నలుగురిలో మాట పడడమంటే అతనికి భయం. మా మూడో అంతస్తులో అద్దెకు దిగిన కొత్తలోనే పిన్ని ఒకరోజు ఎండు మెత్తళ్ళు, చిటికెన వేలంత ఎండు చేపలు, వేయించింది. సాయంత్రానికల్లా అపార్టుమెంటు గ్రూపులో మెసేజ్ వచ్చింది: "వంటింటి వాసనలు ఇతరులకు ఇబ్బంది కలిగించకుండా చూసుకోగలరు." పేరు పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదు, అందరికీ తెలుసు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మా అపార్టుమెంటులో నీచు తినని ఇల్లు వెతికినా దొరకదు. ఆదివారం పొద్దున మెట్లు దిగుతుంటే ప్రతి గుమ్మంలోనూ మసాలా ఘాటు. కొరమీను పులుసు పెడితే గిన్నెలో పోసి పక్కింటికి పంపిస్తారు, "మా ఊరి చెరువుది, తిని చూడండి" అని గొప్పగా. అది మాత్రం సువాసన. ఎండు చేప అయితే కంపు. పట్టుకున్నవాడి ఇంటి తిండి కంపు, కొనుక్కున్నవాడి ఇంటి తిండి ఘుమఘుమ. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మెసేజ్ తర్వాత తల్లి మూకుడు పొయ్యి మీద పెడితే చాలు, గంగాప్రసాద్ పరుగున వచ్చి కిటికీ తలుపులు వేసేవాడు. పిన్ని మళ్ళీ తీసేది. "పొగకి నేను ఉక్కిరిబిక్కిరై చావాలా ఏందిరా? దొంగతనం చేస్తన్నానా, కూర చేస్తన్నానా?" అనేది. అతను వేయడం, ఈవిడ తీయడం. అలా నడుస్తుండగా కార్తీకం వచ్చింది.

కార్తీకమాసంలో పిన్ని నీచు ముట్టదు. సోమవారాలు ఉపవాసం. చుక్కలు చూసేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోదు. వాళ్ళ ఒడ్డున పెద్దవాళ్ళంతా అంతేనట. అలాంటి ఒక సోమవారం మధ్యాహ్నం అపార్టుమెంటు మొత్తం చేప వాసన కమ్మేసింది. మామూలు వాసన కాదు, కళ్ళు తిరిగే వాసన. ఉపవాసాలున్న ఆడవాళ్ళు చెంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని వరండాల్లోకి వచ్చారు. అందరి చూపూ ఒకే గుమ్మం వైపు తిరిగింది. తలుపు కొట్టి లోపలికి చూస్తే పొయ్యి మీద గిన్నె కూడా లేదని తెలిసేది. ఒక్కరూ కొట్టలేదు. ఆ ఇంట్లో ఉపవాసం ఉంటారన్న ఆలోచనే వాళ్ళలో ఎవరికీ రాలేదు. నేను షాపు నుంచి వచ్చేసరికి వాసన ఇంకా పోలేదు, నింద మాత్రం పడిపోయింది.

వెంకటప్పయ్యగారు గ్రూపులో ఆడియో పెట్టారు. "పవిత్రమైన మాసంలో ఇట్టాంటి పనులు చేసేవాళ్ళతో కలిసి ఉండటం కష్టమండీ. ఆదివారం వనభోజనాల్లో అందరం మాట్లాడుకుని ఓ నిర్ణయం తీసుకుందాం." మర్నాడే ఫ్లాటు ఓనరుకు ఫోను వెళ్ళింది. ఓనరు గంగాప్రసాద్‌కి ఫోను చేసి, అసోసియేషన్ వద్దంటే ఖాళీ చేయాల్సిందేనని పుల్ల విరిచినట్టు చెప్పేశాడు.

ఆ వారంలోనే నేను ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళాను. డాబా నిండా పద్మావతమ్మగారి మిద్దె తోట. వంకాయలు, బెండకాయలు, పాదుకు వేలాడే కాకరకాయలు. మూలన ఒక నీలం డ్రమ్ము ఉంది, మూత సరిగ్గా పడలేదు. దగ్గరికి వెళ్ళేసరికి సోమవారం నాటి వాసనే గుప్పున కొట్టింది. చేప తలకాయలు, బెల్లం కలిపి నెల రోజులు ఊరబెట్టి, నీళ్ళు కలిపి మొక్కలకు పోస్తారు. ఫోనులో ఎన్ని వీడియోలు లేవు! పద్మావతమ్మగారు ఆ రోజు మూత తీసి తోటంతా పోశారన్నమాట.

దుప్పట్లు అక్కడే పడేసి పిన్ని దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. చెప్పిందంతా వింది. తల కూడా ఎత్తలేదు.

"తెలుసులేవే. ఆ తలకాయలు మార్కెట్ నుంచి తెచ్చిచ్చింది నేనేగా, కార్తీకం రాకముందు."

"తెలిసి కూడా నోరు మెదపలేదా? పద పిన్నీ, ఇప్పుడే గ్రూపులో పెడదాం. డ్రమ్ము ఫోటో కూడా తీశాను."

గంగాప్రసాద్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. అతని ముఖంలోకి ప్రాణం వచ్చింది. "అమ్మా, నేను వండలేదని ఒక్క మాట చెప్పేయవే. నీకు దణ్ణం పెడతా. ఈ ఇల్లు పోతే మళ్ళీ ఇంకోటి దొరకాలంటే ఎంత తిరగాలో తెలుసా? ఏం తింటారు, ఎవరు మీరు అని అడుగుతారు."

పిన్ని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "నేను వండలేదు, నిజమే. వండలేదని చెప్తే ఏమైద్ది? వండితే తప్పని ఒప్పుకున్నట్టేగా? రేపు కార్తీకం వెళ్ళాక వండుకుంటాను. అప్పుడేం చెప్పమంటావురా?"

అతను వంగి బూట్లు విప్పుకోసాగాడు.

"పద్మావతి వదినగారి సంగతంటావా, చెప్పేదుంటే ఆవిడే చెప్పుకుంటది. నువ్వు మాత్రం ఆ ఫోటో ఎవరికీ చూపించమాక అమ్మాయ్. నా మీద ఒట్టు."

ఆ ఒట్టు ఎంత బరువో నాకే తెలుసు. కార్తీక దీపాలకని ఆ వారం రోజూ సాయంత్రం ఘాట్‌కి వెళ్ళినా, మెట్ల మీద మేము ముగ్గురమే కూర్చున్నాం. పద్మావతమ్మగారు తలనొప్పి అన్నారు, పూజ అన్నారు, చుట్టాలు అన్నారు. హెప్సిబా పాటలు పెట్టింది కానీ ఎవరమూ గొంతు కలపలేదు. భర్తకు భయపడి స్నేహితురాలి మీద నింద పడనిచ్చిన మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆవిడ పంపిన కాకరకాయలు వండకుండా పక్కన పెట్టాను. కోపం కూరగాయల మీద చూపించానని హెప్సిబా నవ్వింది.

ఆదివారం బస్సు మాట్లాడుకుని కొండపల్లి దగ్గర మామిడి తోటకు వెళ్ళాం. ఉసిరి చెట్టు కింద పూజ, ఆ తర్వాత భోజనాలు. పులిహోర, ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. తినడానికి లోటు లేదు. నాకే ముద్ద దిగలేదు. పిన్ని మాత్రం దప్పళం రెండుసార్లు వేయించుకుంది. తంబోలా ఆట అయ్యాక వెంకటప్పయ్యగారు మైకు తీసుకుని గొంతు సవరించుకున్నారు.

"మనందరికీ తెలిసిన విషయమేనండీ. ఎవరినీ పేరు పెట్టి అనను. ఒక పద్ధతి ఉన్న అపార్టుమెంటు మనది…"

"పేరు పెట్టే అనండీ. ఇక్కడే ఉన్నాగా" అంది పిన్ని, చెయ్యి కడుక్కుంటూ. ఆవిడకు మైకు అక్కర్లేదు.

గంగాప్రసాద్ తల వంచుకున్నాడు. అప్పుడు ఉసిరి చెట్టు మొదట్లో కూర్చున్న పద్మావతమ్మగారు లేచారు.

"ఏవండీ, ఆ వాసన మన డ్రమ్ముదండీ. మొక్కలకని నేను చేప ఎరువు పెట్టాను. ఆ సోమవారం మూత తీసింది నేనే. మీరేమంటారోనని చెప్పలేదు. సన్యాసమ్మ వదినగారు ఆ రోజు పచ్చి మంచినీళ్ళతో ఉన్నారు."

వెంకటప్పయ్యగారి ముఖం చూడాలి అప్పుడు. నాకు మాత్రం ఆ క్షణాన పద్మావతమ్మగారి మీద కోపమంతా ఎగిరిపోయింది. ఎవరో ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. పెద్ద బరువు దిగిపోయినట్టు. ఆయన కూడా తేరుకున్నారు.

"మొక్కల కోసం కదా, ఫర్వాలేదులే. ఆర్గానిక్ కూరగాయలు మనమేగా తినేది! అయితే సన్యాసమ్మగారి తప్పేం లేదండీ. ఓనరుతో కూడా చెప్తాను. ఇక ఈ విషయం వదిలేద్దాం."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అక్కడితో అయిపోవాల్సింది. గంగాప్రసాద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. పిన్ని ముందుకొచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"తప్పు లేదని మీరు చెప్పక్కర్లేదండీ. మొక్కలు తింటే ఎరువు, మేం తింటే కంపా?"

చప్పట్లు ఆగిపోయాయి.

"ఆ రోజు నేను వండలేదు. వండి ఉంటే? నన్ను వెళ్ళగొట్టేవాళ్ళేగా? ఆ చేప ఎండబెట్టే మా అమ్మ నన్ను పెంచింది. అది అమ్మే నేను వీణ్ణి చదివించా. కార్తీకం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమికి దీపాలు వదిలేసి వచ్చి, ఆ మధ్యాహ్నమే ఎండు మెత్తళ్ళు వండుతా. కిటికీ తీసే వండుతా. తినేవాళ్ళు రండి. తిననివాళ్ళు మీ కిటికీ మీరేసుకోండి. ఓనరు గారికి ఇది కూడా చెప్పండి."

వెంకటప్పయ్యగారు మైకు కింద పెట్టేశారు. "చెప్పాల్సే వస్తుంది మరి" అన్నారు, ముఖం గంటు పెట్టుకుని. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అంత్యాక్షరి మొదలుపెడితే ఎవరూ అందుకోలేదు. వెనక సీట్లోంచి పిన్ని వల పాట ఎత్తుకుంది.

"నీటికెవడు గోడ కట్టె?"

"హైలెస్సా!" నేనూ, హెప్సిబా.

"గాలికెవడు గొళ్ళెం పెట్టె?"

"హైలెస్సా!" ఈసారి ముందు సీట్లోంచి, భర్త పక్కన కూర్చునే, పద్మావతమ్మగారు కూడా.

పోలి పాడ్యమి తెల్లవారుజామున నలుగురం ఘాట్‌కి వెళ్ళాం. ముగ్గురం అరటి దొప్పల్లో దీపాలు వదిలాం. హెప్సిబా దీపం వదలదు, మా చెప్పులు కాపలా కాస్తుంది. ఇంటికి వచ్చి పిన్ని డబ్బాలోంచి మెత్తళ్ళు తీసి తలలు తుంచింది, గోరువెచ్చని నీళ్ళల్లో కడిగింది. పద్మావతమ్మగారు డాబా మీంచి కోసిన వంకాయలు ఒడి నిండా తెచ్చి పీట వాల్చుకుని కూర్చున్నారు. "నా చిన్నప్పుడు మా నాయనమ్మ చేసేదండీ ఈ కూర. ఆయనకు పడదని మానేశాను" అన్నారు. హెప్సిబా అన్నం వండి తెచ్చింది. పై అంతస్తులో ఎవరో ధడాలున కిటికీ వేసుకున్నారు. పిన్ని పైకి చూసి, "వేసుకోనీ, వాళ్ళ కిటికీ" అంది.

మూకుడులో మెత్తళ్ళు పడ్డాయి. చుయ్యిమన్న చప్పుడు వినగానే గంగాప్రసాద్ గదిలోంచి వచ్చాడు, అలవాటు ప్రకారం కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. ఓనరు. వంటింట్లో అందరం చేస్తున్న పని ఆపేశాం. పిన్ని మాత్రం గరిటె ఆపలేదు.

"నమస్తే సార్… అవున్సార్." ఆ చెయ్యి ఇంకా కిటికీ రెక్క మీదే ఉంది. చాలాసేపు అవతలి మాటలు విన్నాడు. తల్లి వీపు వంక చూశాడు.

"ఇవాళ కూడా మా అమ్మ వండట్లేదని చెప్పమంటారా సార్? వండుతోంది. వంకాయ, ఎండు మెత్తళ్ళు. ఖాళీ చేయమంటే ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. అక్కడా వండుకుంటాం."

ఫోను జేబులో పెట్టుకుని, కిటికీ రెండో రెక్క కూడా తీశాడు.