గోడవైపు తిప్పిన పన్నెండు పలకలు

2018 జూలై రెండు, సోమవారం, ఉదయం పదకొండూ పది. ఓబుళమ్మక్క షెడ్డు తలుపు నేను మొదటిసారి తట్టిన సమయం అది. నా జ్ఞాపకశక్తి గొప్పదేం కాదు, ఆ రోజే రాసిపెట్టుకున్నాను. ఆ పుస్తకం అట్ట ఊడిపోతే, అతికించడానికి మొన్న బుధవారం పొద్దున చింతగింజల పిండి ఉడకబెట్టాను. పిండి బంకగా మారే ముందు ఒక వాసన వస్తుంది. వేయించిన శనగల వాసనకూ తడిసిన గోనెసంచి వాసనకూ మధ్యలో ఉంటుంది. గరిటె తిప్పుతున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఏడేళ్ళ ఎనిమిది నెలల కిందట ఈ వాసన పట్టుకునే నేను ఆమె మీదికి దెబ్బలాటకు వెళ్ళాను.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్ఫై నాలుగేళ్ళు మందులు తూచి ఇచ్చిన మనిషిని. జూన్ ముప్ఫై, శనివారం నాడు ఉద్యోగం నుంచి దిగిపోయాను. ఆదివారం ఇల్లు సర్దుకున్నాను. సోమవారానికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. కర్నూలును ఆనుకున్న కల్లూరులో మా వీధి చివర, పాత రేకుల షెడ్డులోంచి మాడు వాసన వస్తుంటే, అది కూడా ఒక పనే అనుకుని వెళ్ళాను. లోపల నాకంటే ఆరేళ్ళు పెద్దదైన ఒకావిడ, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పొయ్యి మీద పెద్ద డేక్సా కలుపుతోంది. పక్కన కాగితం మీద నీలం పొడి. చూడగానే గుర్తుపట్టాను, మైలుతుత్తం.

"అది విషం కదా, ఎంత వేస్తున్నారు?" అని అడిగాను.

"ఎంతేమి? చేతికొచ్చినంత."

"చేతికొచ్చినంత అంటే ఎన్ని గ్రాములు?"

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "తెల్లపంచెకు నీలిమందు పెడితే ఎంత నీలం వస్తాది? బంక ఆ రంగుకు రావల్ల. అంతే. ఇది పడకపోతే పురుగు పడతాది. యా ఆస్పత్రమ్మా మీది?"

ఆసుపత్రి సంగతి ఎలా తెలిసిందని అడిగితే, "గ్రాములు అడిగే ఆడది ఇంకేడ ఉంటాది?" అంది. ఆ రోజు నుంచి నేను ఆమెకు మందులమ్మను. నా పేరు పార్వతి అని ఆమెకు బాగా తెలుసు. కోపం వచ్చినప్పుడే ఆ పేరు వాడేది.

ఓబుళమ్మక్కది మైదుకూరు వైపు నేతపని ఇల్లు. యాభై దాటేదాకా గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. మగ్గం ఆగిపోయాక కర్నూలు వచ్చి, ఎవరూ నేర్పకుండానే బొమ్మలు మొదలుపెట్టింది. బొమ్మలు అనడం నా అలవాటు. ఆ పలకల మీద మనిషీ చెట్టూ ఏదీ ఉండదు. "బొమ్మ యాడుందక్కా?" అని మొదట్లో ఒకసారి అడిగాను. "గుంటలో కూసుంటే కిటికీ నేలకు ఆనుకోని ఉంటాది. దాంట్లోంచి రోడ్డు మీద దుమ్ము కనపడతాది, పొయ్యేటోళ్ళ మడమలు కనపడతాయి, ఎండ కనపడతాది. ముప్ఫై ఏండ్లు నేను సూసిన లోకం అంతే. అది ఏస్తాండా," అంది.

ఆమె రోజు ఏడింటికి మొదలయ్యేది. నల్లరేగడి, ఎర్రమన్ను, నాపరాళ్ళకు పాలీషు పట్టే చోట మిగిలే తెల్లబురదను ఎండబెట్టి దంచిన పొడి, మూడింటినీ పాత పంచెగుడ్డలో విడివిడిగా జల్లించేది. ప్లైవుడ్ పలక మీద చింతగింజల బంక పూసి నూలుగుడ్డ పరిచేది. గుడ్డ మీద మళ్ళీ బంక, దాని మీద మన్ను. అది ఆరాక డబ్బా రంగులు. రంగు మీద మగ్గం పోగులు అతికించి, సగం ఆరాక కొన్నింటిని పీకేసేది. పోగు ఊడిన చోట మిగిలే సన్నని గాడి కోసమే ఆ శ్రమంతా. చివర కొబ్బరిచిప్ప పెంకుతో అక్కడక్కడా గీకి, కింది పొరను పైకి తెచ్చేది. ఒక్కో పలకకు ఏడు పొరలు.

ప్రతి పొర తర్వాతా పలకను గోడవైపు తిప్పి పెట్టేది. "తడి మీద సూస్తే చెయ్యి ఊరికే ఉండదు, గెలుకుతాది. ఆరేదాకా గోడకు మొగం పెట్టుకోనీ," అనేది. ఆరాక తిప్పి, ముందు టీ తాగేది. టీ తాగినంత సేపూ పలకను చూస్తుండేది. చెయ్యి వేసేది కాదు. నాకు ఆ టీ సమయం వృథాగా కనిపించేది. పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు పట్టేది. రాశాను కదా.

మొదటి రోజు గంట రాసుకున్న పుస్తకాన్నే, వారం తిరక్కుండా షెడ్డు పుస్తకం చేశాను. తేదీ, గంట, పలక నెంబరు, ఏ పొర, ఎంత బంక, ఎంత మన్ను, ఎన్ని గంటలు ఆరింది. ఆమె నవ్వింది గానీ వద్దనలేదు. ఒక పలకలో వచ్చిన ఇటుక రంగు మరుసటి నెల మళ్ళీ కావాలని వెతుక్కుంటుంటే, నేను పుస్తకం తెరిచి ఎర్రమన్ను రెండు పాళ్ళు, తెల్లపొడి ఒక పాలు అని చదివాను. ఆ రంగు వచ్చింది. "మందులమ్మా, నువ్వు పనికొస్తావే," అంది. ఉద్యోగంలో ముప్ఫై నాలుగేళ్ళు నాకు ఆ మాట ఎవరూ అనలేదు. మైలుతుత్తానికి కూడా లెక్క కట్టాను. ఒక చెంచా పొడిని నా తక్కెడలో తూచాను, నాలుగు గ్రాములు తూగింది. లీటరు బంకకు చెంచా అని రాసుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ తూచలేదు. రాసి ఉంది కదా.

2023 నాటికి ఆమె రెండు కళ్ళకూ పొర వచ్చింది. మన్ను రంగులు చేత్తో నలిపి చెప్పగలిగేది గానీ, బంకలో నీలం తెలిసేది కాదు. "నీలం వచ్చిందా?" అని నన్ను అడిగేది. నేను చెంచా పడింది కాబట్టి "వచ్చిందక్కా" అనేదాన్ని. ఆ ఏడాదే కడపలో ఒక చిత్రకారుల బృందం డిసెంబరు ప్రదర్శనలో పలకలు తగిలించుకోవడానికి ఒక గోడ ఇస్తామని ఆమెకు కబురు పెట్టింది. డెబ్బై ఒక్కేళ్ళకు మొదటి గోడ. ఆమె పెట్టె తెరిచి ఒక చీర తీసింది. మగ్గం ఆగే ముందు తాను నేసిన ఆఖరి చీర. ఒక్కసారి కూడా కట్టలేదు. ఆరు గజాలు.

"పన్నెండు ముక్కలు చెయ్యి, అర గజం లెక్కన," అంది కత్తెర నా చేతికిచ్చి.

"దీన్ని కోస్తావా అక్కా?"

"పెట్టెలో ఉంటే చీర. గోడ మీదుంటే పది మంది సూస్తారు. కొయ్యి."

నూలుగుడ్డకు బదులు ఆ ముక్కలే పరిచి జూలైలో మొదలుపెట్టాం. అంతకుముందు మైలుతుత్తం అయిపోతే, రంగుల దుకాణం ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. "పొడి లేదమ్మా, పలుకులు ఉండాయి. మందు అదే, ఫికర్ చెయ్యొద్దు," అన్నాడు. తెచ్చాను. లీటరుకు చెంచా వేశాను. బంక కాస్త తెల్లగా ఉన్నట్టు అనిపించింది. పుస్తకం చూశాను. లెక్క సరిగ్గా ఉంది.

సెప్టెంబరు ఆఖరుకు పన్నెండు పలకలూ పూర్తయ్యాయి. అక్టోబరు తొమ్మిది, సోమవారం ఆమె కంటి ఆపరేషన్. ఇరవై ఒక్క రోజులు దుమ్ములోకి రావద్దన్నారు. పలకలన్నీ గోడవైపు తిప్పి, షెడ్డు తాళం నాకిచ్చింది. "దినమూ ఒకసారి సూసిరా మే," అంది. ఆదివారాలు మూడు తీసేస్తే పద్దెనిమిది రోజులు వెళ్ళాను. గోడ వారగా సన్నటి పొడి రాలి ఉండేది. ఊడ్చి, "మన్ను రాలింది, ఊడ్చాను. పలకలు బాగున్నాయి" అని రాసి వచ్చేదాన్ని.

అక్టోబరు ముప్ఫై, ఉదయం తొమ్మిదింటికి నల్లద్దాలతో ఆమె షెడ్డులోకి వచ్చింది. ఆ రోజు పొడిని నేనింకా ఊడ్వలేదు. ఆమె వంగి, దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"ఇది మన్ను కాదే."

మొదటి పలకను తిప్పింది. దూరం నుంచి అంతా ఉన్నట్టే ఉంది. వేలు ఆనించగానే మన్నూ రంగూ పెచ్చుగా ఊడి కింద పడ్డాయి. వెనక గుడ్డ లేదు. బంకతో పాటు చీరను కూడా తినేసి, ఆవగింజంత గోధుమరంగు పురుగులు కదులుతున్నాయి. రెండోది తిప్పింది. మూడోది తిప్పింది. పన్నెండూ తిప్పింది.

"పుస్తకం తే, పార్వతీ." ఇచ్చాను. కొత్తగా వచ్చిన చూపుతో మెల్లగా చదివింది. "పద్దెనిమిది దినాలు బాగుండాయని రాసినావే. తిప్పి సూసినావా?"

"లేదక్కా. గోడకు పెట్టినప్పుడు చూడగూడదని నువ్వే అంటివి."

"ఆరేదాకా అన్న. ఆరినాక ఎవురు వద్దన్యారు?"

ఇంటికి పరుగున వెళ్ళి తక్కెడ తెచ్చాను. మైలుతుత్తం పలుకులు ఒక చెంచా తూచాను. పలుకుల మధ్య సందులుంటాయి. రెండు గ్రాములు తూగింది. మందులు తూచి బతికిన దాన్ని, ఐదేళ్ళ కిందటి ఒక చెంచా లెక్కను నమ్మి, కళ్ళెదుట తెల్లగా కనిపించిన బంకను నమ్మలేదు. కళ్ళు లేని మనిషి నీలం వచ్చిందా అని అడిగితే, చూడకుండానే వచ్చిందని చెప్పాను. ఇదంతా ఏడుస్తూ ఆమెకు చెప్పాను. ఆమె కడవలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. నాకూ ఒక చెంబు ఇచ్చింది.

"రాయి," అంది.

"ఏం రాయాలి? నా తప్పని రాయనా?"

"తప్పులు రాసుకుంటా కూసుంటే పుస్తకం చాలదు. సూడలేదని రాయి. అంతే."

రాశాను. అదే ఆ పేజీలో ఇప్పటికీ ఉంది.

మరునాడు ఏడింటికి వెళ్ళేసరికి ఆమె పొయ్యి వెలిగించి ఉంది. మూడు పలకల్లో చిల్లులు పడినా చీర నిలిచింది. వాటిని బాగుచేద్దామంది. "పుస్తకం బయట పెట్టిరా. ఈ పొద్దు నీకు దాంతో పని లేదు." పలుకులు రోట్లో నూరించింది. చిటికెడు చిటికెడు వేయిస్తూ, "సూస్తాండావా? సూడు. ఇంకా రాలేదు. ఇంకా సూడు," అంటూ కూర్చోబెట్టింది. చాలాసేపటికి బంకలో, ఉతికిన పంచె మడతలో కనపడేంత నీలం పలచగా తేలింది. అరవై ఐదేళ్ళ వయసులో నేను ఒక రంగును మొదటిసారి చూసిన రోజు అది. ఆ తర్వాత టీ పెట్టి, నన్ను ఒక పలక ముందు కూర్చోబెట్టింది. పదకొండనీ పద్నాలుగనీ నేనెప్పుడూ నిమిషాలు రాసే ఆ సమయంలో, ఎండ జరిగే కొద్దీ పోగు గాడుల్లో నీడ మారడం కనిపించింది. ఐదేళ్ళు ఆ పక్కనే గడియారం చూస్తూ కూర్చున్నాను.

డిసెంబరులో కడపకు మూడు పలకలే తీసుకెళ్ళాం. వాళ్ళిచ్చిన గోడలో ముప్పావు భాగం ఖాళీగా మిగిలింది. చొక్కా ఇస్త్రీ నలగని ఒకాయన వచ్చి, చాలాసేపు చూసి, "ఈ చిల్లుల్లో చాలా అర్థం ఉందమ్మా, దేనికి సంకేతం?" అని అడిగాడు.

"పురుగులు తిన్యాయి నాయనా," అంది ఓబుళమ్మక్క. "ఈయమ్మ మందు తక్కువేసింది."

నేను తల దించుకోబోతే మోచేత్తో పొడిచింది. "నవ్వు మే. గోడ మీదికి ఎక్కినాం కదా."

ఆ తర్వాత ఆమె బతికిన పద్నాలుగు నెలల్లో షెడ్డు పని ఒక్క రోజు ఆగలేదు. నన్ను పొమ్మని ఒక్కసారీ అనలేదు. తాళం నా దగ్గరే ఉంచింది. నేను పుస్తకం రాయడం మానలేదు, కాకపోతే ముందు చూసి, తర్వాత తూచి, ఆ తర్వాత రాస్తున్నాను. కూరగాయలు కొన్నా అంతే, ఇంటికొచ్చిన మనిషి మొహమైనా అంతే. మొన్న బుధవారం బంకలో నీలం వచ్చేదాకా పొయ్యి ముందే ఉన్నాను. వచ్చాక మిగిలిన పొడి తూచి, కొన్న బరువులోంచి తీసేసి చూస్తే, లీటరుకు నాలుగు గ్రాముల లెక్కే అయింది. అట్ట గట్టిగా అతుక్కుంది. ఆఖరి పేజీ ఖాళీగా ఉంటే ఇది రాశాను.

పోయినవి: పలకలు తొమ్మిది. ఆఖరి చీరలో నాలుగున్నర గజాలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలల పని. కడపలో ముప్పావు గోడ. ఓబుళమ్మక్క, 2025 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఐదూ నలభై.

మిగిలిన మూడు పలకలూ మా ఇంట్లో ఉన్నాయి. ఇవాళ తిప్పి చూశాను. బాగున్నాయి.