రెండు వ్యాసాల మధ్య రాజీ

తొంభైల చివర్లో మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఒక కంపెనీ ఉద్యోగాలకు రాతపరీక్ష పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్లు దాటితే రాయనివ్వరు. నాకు ఆ నెలాఖరుకు దాటిపోతాయి. బాలానగర్‌లో ఉమ్మడి కాపురం, చంకలో పిల్ల, చేతిలో గైడు. లెక్కలు నాకు మంచినీళ్ల ప్రాయం. ప్రాణం తీసిందల్లా ఇంగ్లిషు పేపర్లో జంట వ్యాసాలు. ఒకే విషయం మీద ఇద్దరు రాస్తారు, ఒకరు అవునంటే మరొకరు కాదంటారు. మొదటాయన మాటకు రెండో ఆయన ఏమంటాడో మనం చెప్పాలి.

కోచింగ్ మాస్టారు గుంటూరు వైపు మనిషి. "ముందు మొదటిది చదివి దాని ప్రశ్నలు రాసెయ్యండి. తర్వాత రెండోది. ఎవరేమంటున్నారో పక్కన నాలుగు ముక్కల్లో రాసుకుని, అప్పుడు ఇద్దరినీ కలిపి అడిగినవి పట్టుకోండి" అనేవారు. విడివిడి ప్రశ్నలన్నీ నాకు సరిగ్గానే వచ్చేవి. కలిపి అడిగితే మాత్రం "ఇద్దరి ఉద్దేశమూ ఒకటే", "కొంతవరకు ఒప్పుకుంటాడు" అన్న జవాబు ఎక్కడుంటే అక్కడికే పోయేది నా పెన్సిలు. ఒకరోజు మాస్టారు నా కాగితం చూసి, "ఏమ్మా, వీళ్లిద్దరికీ సంబంధం కుదురుస్తున్నావా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కాదు, నా మీదే.

ఇంట్లో నా పని అదే మరి. పంపు దగ్గర అత్తమ్మ నా తోడికోడలిని ఒక మాటంటే, అందులో కారమంతా తీసేసి ఆమెకు చెప్పాలి. ఆమె తిరిగి అన్నదాన్ని ఇంకా మెత్తగా చేసి అత్తమ్మకు చేర్చాలి. ఐదేళ్లలో ఎవరి మాటనూ ఉన్నదున్నట్టు చెప్పిన పాపాన పోలేదు. మంచి కోడలని పేరైతే వచ్చింది. ఆ పేరును ఏం చేసుకోను?

పరీక్షలో పాత ఇళ్లు కూల్చొద్దని ఒక పెద్దాయన రాశాడు, కూల్చి కొత్తవి కట్టాలని ఒక కుర్రాయన రాశాడు. పెద్దాయన మాటకు కుర్రాయన ఏమంటాడు? "ఇరుకు గదుల్లో బతికేవాళ్ల కష్టం ఆయనకు తెలియదు" అంటాడు. నాకు తెలుసు, పక్కన రాసుకున్నాను కూడా. తీరా పెట్టే వేళకు, అంత పెద్దాయనను అంత మాట ఎలా అంటాడు అనిపించింది. ఆయన బాధను అర్థం చేసుకుంటాడన్న జవాబు పెట్టాను. అలాంటివే ఐదు ప్రశ్నలు, ఐదూ అలాగే పాడుచేసుకున్నాను. బస్టాపుకు వచ్చేసరికే తెలిసిపోయింది. ఫలితాల్లో మూడు మార్కులు తక్కువయ్యాయి.

ఫలితాలు వచ్చిన సాయంత్రం అత్తమ్మ పిల్లకు అన్నం తినిపిస్తూ అడిగింది. "రానిదేమన్న అడిగిండ్రా, బిడ్డా?"

"వచ్చిందే అత్తమ్మా. కాయిదంల ఉన్న పెద్దమనిషిని అంత మాటనుడు బాగుండదని, తెలిసే తప్పు పెట్టిన."

చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని ఆమె నా మొహంలోకి చూసింది.

"కాయిదంల ఉన్నాయన మనకేమన్న చుట్టమా? ఆయన కోసం చేతికొచ్చిన నౌకరి పోగొట్టుకుంటివి గదనే."