డబ్బా మీద కోతిటోపీ

ఆ రోజుల్లో నేను నేలమీద నడిచింది తక్కువ. మెట్టుగూడలో బస్సెక్కి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఎక్కడో తేలేవాణ్ణి. తప్పు నాది కాదు, నా డోలకాలది. గుండుసూది మొనకన్నా చిన్నవి, వంద, ఒక చిన్న పలకమీద వరసగా ఉండేవి. ద్రవ హీలియంలో ముంచి చల్లబరిస్తే కరెంటుకు అసలు అడ్డు చెప్పని అతివాహకాలై, సెకనుకు వేల కోట్లసార్లు ఊగుతూ కంటికి కనబడని తరంగాలు విసిరేవి. ఒక్కదాని బలం దోమ తుమ్మినంత. వందా ఒక్క తాళంలో ఊగితే మాత్రం మీటరు ముల్లు కదలాలి. (రెండేళ్ళుగా కదల్లేదు. ఎవరికి వారే యమునా తీరే.) డిసెంబరులో మా రీసెర్చ్ గైడుగారు తేల్చి చెప్పారు: "సోమవారం నేను ఢిల్లీలో కమిటీ ముందు నిలబడాలి. ఏదో ఒకటి చూపించకపోతే నీ ఫెలోషిప్ ఆగిపోతుందయ్యా."

మా ల్యాబులో హీలియం డబ్బాలు మోసుకొచ్చే పెద్దాయన్ని అందరం హీలియం తాత అనేవాళ్ళం. మీటరు పనిచేస్తోందో లేదో చూడ్డానికి మా దగ్గర ఒక పరీక్ష డబ్బా ఉండేది. అది ఆన్ చేస్తే తరంగాలు తనే పంపుతుంది, ముల్లు లేస్తుంది. చూసి ఆపెయ్యాలి. మరిచిపోకుండా తాత ఒక పద్ధతి పెట్టాడు: డబ్బా ఆన్‌లో ఉన్నంతసేపూ దానిమీద ఆయన కోతిటోపీ ఉంటుంది.

ఆ శనివారం డోలకాలకు కరెంటిచ్చి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చెవులు గడ్డకట్టాయి. ఎదురుగా టోపీ కనిపించింది. అక్కడెందుకుందో ఆలోచించకుండా తీసి పెట్టుకున్నాను. తర్వాత మీటరు చూశాను. ముల్లు లేచి ఉంది! ఆనందంతో ఒళ్ళు తెలియలేదు. ఫోను బూత్‌కు పరిగెత్తి గైడుగారికి చెప్పాను, అటునుంచి అటే బస్సెక్కి ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను.

మా ఇంట్లో మంచి జరిగితే కృతజ్ఞతా ప్రార్థన జరగాల్సిందే. సాయంత్రానికల్లా సందులోవాళ్ళంతా మా ముందుగదిలో ఉన్నారు. చర్చి అయ్యగారు వచ్చారు, వంటింట్లోంచి పులావు వాసనా వచ్చింది. ప్రార్థనలో నెత్తిమీద టోపీ ఏమిట్రా అని అమ్మ లాగేస్తే ఒళ్ళో పెట్టుకున్నాను. పాట మొదలైంది. మా అత్త ఒక చరణం వెనక, పక్కింటి మాస్టారు ఒక చరణం ముందు. చలికి తలుపులు మూశారు. ఆ చిన్న గదిలో ఒకరి గొంతు ఒకరికి తగిలి, ఎవరూ చెప్పకుండానే ముప్ఫై గొంతులూ ఒక్కటైపోయాయి. నా డోలకాలకు కూడా ఇలాంటి గది ఉంటే, ఒకదాని ఊపు ఒకదానికి తగిలితే అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

తలుపు తోసుకుని తాత వచ్చాడు.

"ఏం బాబూ, నా టోపీ నీ తాననే ఉన్నదా? ఎంతసేపు దేవులాడిన్నో! నువ్వు చాయ్‌కి పోయినప్పుడు మీటరు చూద్దామని డబ్బా నేనే చాలూ చేసిన. టోపీ తీస్కున్నవు, మరి డబ్బా ఎందుకు బంద్ చెయ్యలే? నేను హీలియం తెచ్చేసరికి ఇంకా చాలూనే ఉండె."

అందరూ పాడుతున్నారు. నాకు మాత్రం అప్పుడు వెలిగింది: ముల్లును లేపింది డోలకాలు కాదు, డబ్బా. గైడుగారి రైలు ఇంకో అరగంటలో కదులుతుంది. రాని ఫలితాన్ని ఆయన ఢిల్లీలో చూపిస్తారు! టోపీ నెత్తిన పెట్టుకుని సికింద్రాబాద్ స్టేషనుదాకా పరిగెత్తాను. కిటికీ దగ్గర ఆయన అరటిపండు ఒలుచుకుంటున్నారు. ఆయాసపడుతూ మొత్తం చెప్పేశాను. ఏడుపొచ్చింది.

"ముందు ఆ టోపీ తియ్యి," అన్నారు. తర్వాత పండు తినడం పూర్తిచేశారు. రైలు కదులుతుంటే, "ఏమీ రాలేదనే చెప్తాను. మూడు నెలలు అడుగుతాను. ఇస్తారో లేదో తెలీదు," అన్నారు.

ఇచ్చారు. డోలకాలను ఒక బుల్లి రాగిగదిలో బిగించాను. మార్చిలో ముల్లు బియ్యపుగింజంత కదిలింది. నేను మీటరు వదిలేసి తాత తలకేసి చూశాను. టోపీ ఆయన నెత్తిమీదే ఉంది. (ఎండలు మొదలైనా నా కోసం పెట్టుకునే తిరిగేవాడు.)

భయంభయంగా అమ్మకు చెప్పాను. "మళ్ళీ ప్రార్థన ఎందుకురా? మొన్న పాడింది దీనికే. మనమే కాస్త ముందు పాడాం," అంది.

ఇప్పుడు నాకూ చలికాలం కోతిటోపీ తప్పడం లేదు. పెట్టుకునేముందు ఒకసారి చుట్టూ చూస్తాను, ఏదైనా ఆన్‌లో ఉండిపోయిందేమోనని.