గాడీ భాయ్‌ది, క్లచ్ భాభీది

మా మామగారు పోతూ పోతూ బర్రెలూ పాల వ్యాపారమూ పెద్దకొడుక్కి, తన పాత మోటారు సైకిల్ చిన్నకొడుక్కి ఇచ్చిపోయారు. ఆ చిన్నకొడుకు మా ఆయన. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన ఎడమ చెయ్యి చచ్చుబడింది. చాయ్ కప్పు పట్టుకుంటుంది, హ్యాండిల్ మీద దర్జాగా కూర్చుంటుంది, క్లచ్ లాగమంటే మాత్రం సమ్మె చేస్తుంది.

"నడపరానోనికి బండెందుకు? నాకిస్తే పాల క్యాన్లు మోస్తది" అని మా బావగారు జహనుమా నుంచి ఒకటే కబుర్లు. చివరికి షరతు పెట్టారు. ఆదివారం బండి నడుపుకుంటూ వాళ్ళింటికి రావాలి, లేదంటే బండి వాళ్ళదే. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను బతిమాలితే యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి మెకానిక్ క్లచ్ పిడిని హ్యాండిల్ నుంచి ఊడబీకి, పొడుగు వైరు వేసి, వెనక సీటు కింద బిగించాడు. చీరలో ఒక పక్కకు కూర్చుంటే సరిగ్గా నా కుడిచేతికి అందుతుంది.

"గాడీ భాయ్‌ది, క్లచ్ భాభీది. ఫికర్ నక్కో!" అని భరోసా ఇచ్చాడు.

ఆయన "నొక్కు" అంటే నేను నొక్కాలి. ఆయన కాలితో గేరు వేసి "వదులు" అంటే వదలాలి. మొగుడూపెళ్ళాలకు ఇంతకు మించిన శిక్ష లేదు.

ఆదివారం చార్మినార్ దగ్గర గాజుల దుకాణం చూస్తూ నేను ఆయన "నొక్కు" అన్నది వినిపించుకోలేదు. బండి దగ్గి ఆగిపోయింది. వెనక ఆటోల గోల.

"గాజులు జూస్తవా, క్లచ్ జూస్తవా? ఏందే నీ లొల్లి!"

"మంచిగడుగు, నొక్కుత" అని చేతులు కట్టుకున్నాను. నడిబజారులో మంచిగానే అడిగారు. పెళ్ళయ్యాక అంత సుఖం ఎన్నడూ ఎరగను.

మా అత్తవారి ఆచారం ఒకటుంది. కోడళ్ళు బావగారి ఎదుట బండి మీద కూర్చుని రాకూడదు. గల్లీ మలుపులోనే దిగి, కొంగు తలమీద కప్పుకుని నడిచి రావాలి. జహనుమా మలుపులో ఆయన నెమ్మదించి "నొక్కు" అన్నారు. నొక్కాను. వాకిట్లో బావగారు, అత్తగారు కనిపించారు. అంతే, క్లచ్ సంగతే మరిచి అలవాటుకొద్దీ కిందికి దూకి, రెండు చేతులా కొంగు సర్దుకున్నాను.

బండి ఆయన్ని ఎత్తుకుపోయింది. "నొక్కు! నొక్కు!" అని అరుస్తూ బావగారిని దాటి గడ్డికుప్పలోకి దూరిపోయారు. బర్రె ఒకటి తీరిగ్గా ఆయన నెత్తిమీది గడ్డి మేయడం మొదలుపెట్టింది.

"అయిపాయె. ఇగ బండి ఈడనే" అన్నారు బావగారు.

మా ఆయన తల ఎత్తలేదు. నవ్వు వస్తున్న నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. బావగారితో నేరుగా మాట్లాడకూడదు కనుక అత్తగారి వైపు తిరిగాను.

"అత్తమ్మా, మలుపుదాంక ఆయన నడుపుకుంటనే వచ్చె. మీ మర్యాదకు నేను దిగబట్టే గిట్లాయె!"

ఆవిడ బర్రెను అవతలికి తోలి నావైపు తిరిగారు.

"ఆ మర్యాద మన్నుల గలువ! బండి వానిదే. నువ్వు ఇగ వాకిలి దాంక కూసోనే రా."

పోయేటప్పుడు బావగారి కళ్ళముందే, తలమీద కొంగు లేకుండా ఎక్కి కూర్చున్నాను. ఆయన గడ్డి దులుపుకుని కిక్కు కొట్టారు. "నొక్కవే" అనబోయి ఆగారు.

"జర నొక్కుతవా?" అన్నారు, వాళ్ళన్న వింటుండగానే.