మా అత్త చెయ్యి పెట్టిన నోరు

మూగజీవాలను సాకితే వచ్చే పుణ్యం గురించి నా దగ్గర ఎవరూ మాట్లాడొద్దు. నేను రెండు కుక్కల్ని సాకాను. ఆ పుణ్యం ఎట్లా పండిందో నాకూ మా అత్తకూ తప్ప ఇంకొకరికి తెలియదు. ఆమె పోయింది. ఇక దాచిపెట్టి నేను కట్టుకుపోయేదేముంది?

నేను పెళ్ళయి ఆ ఊరికి వచ్చింది యాభైల చివర్లో. ఒకవైపు పులికాట్ సరస్సు, ఒకవైపు ఇసుక, మధ్యలో తాటాకు గుడిసెలు. మగవాళ్ళు పడవల మీద వేటకు పోయేవాళ్ళు. ఆడవాళ్ళం చేపలు ఎండబెట్టి నాయుడుపేట సంతకు గంపలతో మోసేవాళ్ళం. ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త. మామ నా పెళ్ళికి ముందే పోయాడు. అత్తకు నోరెక్కువ. నేను గడపలో అడుగుపెట్టిన రోజే, "ఏంది మే ఆ నడక, బాతు మాదిరి?" అంది. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. "బాతని తెలిసి ఎందుకు తెచ్చుకున్నావత్తా?" అన్నాను. చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఆమె మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ కుదిరింది.

ఆ రెండు కుక్కల్లో ఎర్రది మా ఇంటికి పడవలో వచ్చింది. తుఫాను వెలిసిన మర్నాడు ఎవరి గుడిసెదో తాటాకు కప్పు సరస్సులో కొట్టుకొస్తుంటే, దాని మీద కూర్చుని వణుకుతోందట. మా ఆయన చంకలో పెట్టుకొచ్చాడు. "చేపల్ని పట్టకరారా అంటే కుక్కను పట్టకొచ్చినావా!" అని తిడుతూనే అత్త దానికి గంజి పోసింది.

నల్లదాన్ని తెచ్చిన ఘనత నాది. ఆ రోజు నాయుడుపేట సంత బయట కుక్కల్ని పట్టి చంపుతున్నారు. పొడుగాటి కర్రకు ఉరితాడు కట్టి మెడలో వేసి లాగుతున్నారు. ఒక నల్ల కుక్క తాడు తెంపుకుని వచ్చి నా గంప వెనకాల దూరింది. మెడ చుట్టూ తోలు ఊడి నెత్తురోడుతోంది. కర్ర పట్టుకున్నవాడు, "జరగమ్మా" అన్నాడు. నేను జరగలేదు. "ఇది నా కుక్క" అన్నాను. "నీదైతే ఏదీ, చెయ్యెయ్యి చూద్దాం" అన్నాడు. నేను చెయ్యి చాపగానే అది పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. "చూసినావా? రోజూ నా మీద ఇట్టనే గుర్రుమంటాది. నాదే" అన్నాను. వాడికి నవ్వొచ్చి వదిలేశాడు. ఎండుచేప ముక్కలు విసురుకుంటూ ఊరిదాకా నడిపించుకొచ్చాను. సంతకు నాతో వచ్చిన అత్త దారి పొడుగునా నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

ఆ రెండింటికీ ఉప్పుకీ నిప్పుకీ ఉన్నంత తేడా. ఎర్రదానికి లోకమంతా చుట్టాలే. ఎవరొచ్చినా తోకాడిస్తూ ఎదురుపోయి కాళ్ళు నాకేది. అత్త అరుగు మీద కూర్చుంటే ఆమె పాదాల మీద తల పెట్టి పడుకునేది. నల్లది మనిషి చెయ్యి అందేంత దూరంలోకి వచ్చేది కాదు. కూడు పెట్టి మేం లోపలికి వచ్చాకే తినేది. మెడ దగ్గరికి చెయ్యి పోతే దేవుడినైనా కరిచేది. కానీ ఇసుకలో ఆరబోసిన చేపల మీద కాకిని వాలనిచ్చేది కాదు. మూడేళ్ళు గడిచాక నేనొక్కదాన్ని పక్కన కూర్చుంటే లేచిపోకుండా ఉండేది. అదే నాకు పెద్ద బిరుదు.

మా ఊరి కుక్కలు చేప తలలు తిని బతుకుతాయి కాబట్టి, నెలకొకదానికి గొంతులో ముల్లు ఇరుక్కునేది. నోరు తెరుచుకుని చొంగ కారుస్తూ తిరిగేది. ముల్లు తియ్యడంలో మా అత్తకు ఊళ్ళో సాటి లేదు. కుక్కకైనా మనిషికైనా రెండు వేళ్ళు గొంతులోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని వెతికి లాగేసేది.

ఒక ఎండాకాలం పొద్దున మేం ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్నాం. సరుగుడు తోపు వైపు నుంచి ఒక కుక్క వచ్చింది. తల వేలేసుకుని, చొంగ కారుస్తూ, ఎదురుగా ఏముందో చూడకుండా వస్తోంది. "పిచ్చికుక్క! పిచ్చికుక్క!" అని కేకలు. నల్లది దూకి దాని మీద పడింది. రెండూ ఇసుకలో దొర్లాయి. మా వెర్రిబాగుల ఎర్రది మాత్రం ఎప్పటిలాగే తోకాడిస్తూ ఎదురుపోయింది. కుయ్యిమని ఒక అరుపు అరిచి పక్కకు వచ్చేసింది. అది నేను చూశాను. మిగతా అందరి కళ్ళూ నల్లదాని మీద ఉన్నాయి. మగవాళ్ళు తెడ్లతో వచ్చి పిచ్చిదాన్ని చంపేశారు.

ఊరి పెద్ద నల్లదాన్ని చూపించి, "ఇది కరిపించుకునింది. ఉంచితే ఊరికే చేటు" అన్నాడు. కాదనడానికేముంది? మూతి నిండా గాట్లే. కానీ దాని దగ్గరికి పోయేదెవరు? అందరూ నా వైపు చూశారు. "నీ దగ్గరైతే నిలబడతాది. తాడు నువ్వే ఎయ్యాల తల్లీ" అన్నాడు.

వేశాను. ఎవర్నీ ముట్టనివ్వని మెడలో నా చేత్తో తాడు వేశాను. అది కదల్లేదు, గుర్రుమనలేదు. నన్ను నమ్మింది. తోపులోకి తీసుకుపోయారు. రెండు దెబ్బలు వినిపించాయి.

ఇంటికొచ్చి కూలబడితే ఎర్రది వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. నిమురుతుంటే చెవి కింద తడి తగిలింది. వెంట్రుకలు పక్కకు తీసి చూశాను. చిన్న పంటి గాటు, ఒక్క చుక్క నెత్తురు. చెప్తే దీన్నీ తోపులోకి తీసుకుపోతారు. తాడు మళ్ళీ నన్నే వెయ్యమంటారు. ఒక రోజుకు ఒక మెడ చాలనుకున్నాను. సున్నం, పసుపు కలిపి అద్ది, వెంట్రుకలు సర్దేశాను. అత్తకు కూడా చెప్పలేదు.

మండలం రోజులు గడిస్తే ఇక భయం లేదని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు. గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను. నలభై గీతలు పూర్తయిన రోజు నిమ్మళంగా ఊపిరి పీల్చుకుని, తడిగుడ్డతో గోడ తుడిచేశాను. ఎర్రది బాగానే ఉంది. తింటోంది, ఆడుతోంది. నా అంత తెలివైనది లేదనుకున్నాను. తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ తర్వాత వారమో పది రోజులో. నేను చెలమ దగ్గర మంచినీళ్ళు తోడుకుని బిందెతో ఇంటికి వచ్చేసరికి, అత్త అరుగు మీద కూర్చుని ఎర్రదాని తల మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉంది. దాని దవడ వేలాడుతోంది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. అత్త చెయ్యి మణికట్టు దాకా దాని నోట్లో ఉంది.

"జెల్లచేప ముల్లు మాదిరుండాది మే. చేతికి దొరికి చావడం లే" అంది.

"వద్దత్తా, చెయ్యి తియ్యి. కరస్తాది" అన్నాను. నా నోటి నుంచి ఆ ఒక్క మాటే వచ్చింది. రావాల్సిన మాట రాలేదు.

"ఇదా కరిచేది? ఇది కరిస్తే సరస్సు ఎండిపోదూ!" అని నవ్వి, చెయ్యి ఇంకా లోపలికి పెట్టింది. ఆ చేతిని నేను రోజూ చూసేదాన్నే. చేపల రెక్కలు కోసుకుని, వలతాళ్ళు ఒరుసుకుని, అన్నీ పచ్చి గాట్లే.

ఎర్రది మూడో రోజు చచ్చిపోయింది. ఎవర్నీ కరవలేదు, అరవలేదు. పిచ్చంటే అరిచి కరిచేదే అనుకునే మా ఊరికి అనుమానమే రాలేదు. పైగా కరిపించుకున్నదాన్ని ఎప్పుడో చంపేశామనే కదా వాళ్ళ లెక్క. అత్త దాన్ని ఇసుకలో పూడ్చి వచ్చి, చేతులు చూసుకుంటూ కూర్చుంది. "ముల్లు లేదు మే. అంగిట్లో అంతా ఎతికినా. ముల్లే లేదు" అంది. "ఆ పొద్దు పిచ్చిదాని కాడికి ఇది గానీ పోయిందా?" అని అడిగింది.

"లేదత్తా" అన్నాను. నా నోరు పడిపోను! అవునంటే నలభై రోజుల పైన దాచిన సంగతీ చెప్పాలి. ఆమె ముందు దొంగలా నిలబడడానికి భయపడ్డాను. ఆమె ప్రాణం కంటే నా మొహమే నాకు ఎక్కువైంది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో పొద్దున చేపలకు ఉప్పు పట్టిస్తూ అత్త, "ఈ పొద్దు గాట్లు బో మండతాండాయి" అని చేతిని నోటితో ఊదుకుంది. ఇక తట్టుకోలేకపోయాను. ఆమె కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. కొట్టలేదు. కొడితే బాగుండేది. లేచి చేతులు కడుక్కుంది. "వాడికి చెప్పబాక. నిన్ను నరుకుతాడు" అంది. కొడుకును పిలిచి, "నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాల. బండి కట్టించు" అంది.

డాక్టరు మండిపడ్డాడు. "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు? ఆ కుక్కను పిచ్చికుక్క కరిచిందని తెలియదా?"

మా ఆయన పక్కనే ఉన్నాడు. అత్త నా వైపు చూడను కూడా చూడకుండా, "నాకే తెలీలా సామీ. దాన్ని పూడ్సిన గుంత కాడ నిన్న కూసోని ఆలోచిస్తే తోచినాది" అంది. నన్ను కాపాడడానికి, పుట్టినప్పటి నుంచీ మోసపు మాట ఎరగని మనిషి నిలువునా అబద్ధమాడింది.

బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. పొట్ట ఉబ్బి గట్టిపడిపోయింది. మెలికలు తిరుగుతూ కూడా నా పేరెత్తలేదు. పంపించేటప్పుడు డాక్టరు, "ఆలస్యమైంది. ఏడాది దాకా ఏమీ చెప్పలేం. నీళ్ళు మింగడానికి ఇబ్బంది పడితే మాత్రం వెంటనే తీసుకురండి" అన్నాడు.

ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. అప్పటి నుంచి పొద్దున్నే చెంబుతో నీళ్ళిచ్చి ఎదురుగా నిలబడేదాన్ని. ఆమె గొంతు కదిలిందా లేదా అని చూసేదాన్ని. మధ్యాహ్నం ఇంకో చెంబు, సాయంత్రం ఇంకొకటి. పొలమారితే ఇంకోసారి తాగించేదాన్ని. రెండు నెలలు ఓర్చుకుంది. ఒకరోజు చెంబు తీసుకుని కింద పెట్టేసి, వేరే ముంత తెచ్చుకుని, తనే ముంచుకుని, వెనక్కి తిరిగి తాగింది. ఆ రోజు నుంచి నా చేతి నీళ్ళు తాగలేదు.

మిగతా అంతా మామూలే. నేను వండింది తినేది. తిట్టేది. నవ్వేది. నీళ్ళు మాత్రం తనే ముంచుకునేది. ఏడాది పోయింది, రెండేళ్ళు పోయాయి. ఆమెకు ఏమీ కాలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "గండం గడిచిపోయిందిగా అత్తా. ఇంకా నా మీద కోపమేనా?"

"కోపమేంది మే? నీ మీద కోపముంటే ఆ పొద్దే చెప్పుండనా?" అంది. "నువ్వు నీళ్ళిస్తే నా గొంతు కాడ చూస్తావు. తాగినన్నాళ్ళూ నా చావు నాకు ఎదురుగా నిలబడినట్టే ఉంటాది."

"ఇప్పుడు చూడనత్తా."

"చూస్తావు. నీకు తెలీకుండానే చూస్తావు" అంది.

అరవైలు ముగుస్తుండగా ఆయాసంతో మంచం పట్టింది. ఆ ఆయాసానికీ కుక్కకూ ఏ సంబంధమూ లేదు. చివరి రోజు అయినవాళ్ళంతా వరసగా తులసినీళ్ళు గొంతులో పోశారు. ఒక్కొక్కరివీ దిగాయి. గిన్నె నా చేతికి వచ్చింది. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆమె గొంతు వైపు చూడకూడదని నేను మొహం గోడవైపు తిప్పుకుని పోశాను. తిరిగి చూసేసరికి నీళ్ళు పెదవి చివర నుంచి జారి దిండు తడిసింది. ఆమె నోరు మూసుకుందో, నేనే పక్కకు పోశానో నాకు తెలియదు.

"ఇంక దిగడం లేదు లేమ్మే" అని మా ఆయన నా చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. మనసొప్పక తనూ ఒక చెంచా పోశాడు.

ఆమె గుటక వేసింది. ఆ గుటక మాత్రం నేను చూశాను.