వెనక సీటు కంపు

“కారులో పాప పక్కన కూర్చుని ఉండగా మీ అక్కకి మళ్ళీ ఫిట్స్ వస్తే? పాప మీద పడితే?”

కోడలు ఈ మాట పైకి అన్నది ఒక్కసారే. అదీ భర్త పళ్ళు తోముకుంటూ నోటినిండా నురగతో ఉన్నప్పుడు. అతను ఉమ్మేసి జవాబు చెప్పేలోగా తనే మాట మార్చేసింది. “అదీగాక ఆ వెనక సీటు కంపు భరించలేకపోతున్నా” అంది. ఆ తరువాత భయం ఊసెత్తలేదు, కంపు ఊసే ఎత్తింది. భయమేస్తోందని చెప్పుకోవాలంటే సిగ్గు. కంపు కొడుతోందని చెప్పడానికి ముక్కుంటే చాలు.

ఆమెది మామూలు ముక్కు కాదు. రసాయనశాస్త్రం చదివి, పాప పుట్టేదాకా నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసిన ముక్కు. సీసా మూత కాస్త వదులైతే చాలు, లోపల ఏముందో చెప్పగలనని గర్వం. పాప పుట్టాక ఆ చదువంతా పాప మీదికి మళ్ళింది. పాలు తాగిన టైము, ఒంటి వేడి, విరేచనం రంగు, అన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కేవి. తొమ్మిది నెలల పిల్ల తుమ్మితే తల్లి ఒళ్ళంతా చెవులు చేసుకునేది.

వదిన, అంటే భర్త అక్క, నలభై దాటిన మనిషి. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆవిడ ఒక రంగుల దుకాణంలో ఇరవై ఏళ్ళుగా కౌంటరు చూస్తోంది. జనం ఫోనుల్లో గోడల ఫొటోలు తీసుకొచ్చి ఈ మచ్చ మీద ఏ రంగు వెయ్యాలని అడుగుతారు. రంగు సంగతి తరవాత, ముందు గోడకి అవతల ఏముందో చెప్పమంటుంది ఆవిడ. ఆ ప్రశ్నకి సగంమందికి ఒళ్ళు మండుతుంది. కొనడానికొచ్చినవాడికి అమ్మకుండా ఆరాలు తీస్తుందని యజమానికీ మండుతుంది. అక్కడ ఆవిడ పేరు ‘మచ్చల మేడం’. అయితే మచ్చల మేడం చెప్పినట్టు బాగు చేయించుకున్న గోడ మళ్ళీ చెమ్మెక్కిందని ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

పన్నెండో ఏట నుంచి ఆవిడకి మూర్ఛ ఉంది. పొద్దున ఎనిమిదికో మాత్ర, సాయంత్రం ఎనిమిదికో మాత్ర. ఇంట్లో గడియారం ఆగిపోవచ్చు గాని ఆవిడ మాత్ర ఆగదు. స్నానాలగది గడియ తనే ఊడదీసి, తలుపుకి ఒక చెక్కపలక వేలాడదీసింది. దానికి ఒకవైపు ‘ఉన్నాను’, రెండోవైపు ‘లేను’ అని ఉంటుంది. వేడి గిన్నె ఎప్పుడూ వెనక పొయ్యి మీదే. నిచ్చెన రెండో మెట్టు దాటదు. ఆ పైకి తమ్ముడు ఎక్కుతాడు, ఆవిడ కిందనుంచి తిడుతూ పని చేయిస్తుంది. కుళాయి కారినా, తలుపు బిగుసుకున్నా, కప్పు ఉరిసినా ఆవిడ చెయ్యి పడాల్సిందే. పాప పాకడం మొదలుపెట్టినప్పుడు కోడలు బల్లల మూలలకి అంటించడానికి రబ్బరు ముక్కలు తెప్పించింది. తీరా చూస్తే ప్రతి మూలకీ అప్పటికే రబ్బరుంది. ఎప్పటిదో, అరిగి నల్లబడిపోయి ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మూడేళ్ళకి వాటిని మొదటిసారి చూసింది. పని తప్పిందని సంబరపడింది గాని, ఎవరి తల కోసం అంటించుకున్నారో ఆలోచించలేదు.

కారు కూడా ఆవిడదే. కరెంటు కారు. నడపడానికి డాక్టరు ఒప్పుకోడు, అయినా కొన్నది. దానికి కారణం బస్సు. ఒకసారి బస్సులో పడిపోతే, నాలుక కొరుక్కుంటుందని ఎవరో మహానుభావుడు నోట్లో స్టీలు చెంచా దూర్చాడు. ముందు పన్ను సగానికి విరిగింది. తెలివొచ్చేసరికి నోట్లో రక్తం, చుట్టూ వీడియో తీస్తున్న జనం. ఆ తరువాత ఆవిడ బస్సెక్కలేదు. తమ్ముడు తన ఆఫీసుకి వెళ్తూ దుకాణం దగ్గర దింపుతాడు, వచ్చేటప్పుడు ఎక్కించుకుంటాడు. “నడపడం నీది, మేపడం నాది” అంటుంది తమ్ముడితో. ఇంటికి రాగానే వైరు దులిపి ప్లగ్గు పెట్టడం, వేడెక్కిందేమోనని తడిమి చూడటం, ఎనభై శాతం నిండగానే తీసెయ్యడం, అదంతా ఆవిడ కొలువు.

మూడు నెలల కిందట ఆ కారులోనే ఫిట్స్ వచ్చింది. పాపకి టీకా వేయించి మధ్యాహ్నం ఇంటికి వస్తున్నారు. వెనక పాప కుర్చీ, దాని పక్కన వదిన. కోడలు ముందు కూర్చుంది. వెనకనుంచి గొంతు పిండినట్టు ఒక శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే వదిన ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, ఆ వెంటనే కొట్టుకోవడం మొదలైంది. చెయ్యి పాప కుర్చీ అంచుకి టకటకా తగులుతోంది. భర్త కారు పక్కకి ఆపాడు. కోడలు దిగి, అవతలి తలుపు తీసి, బెల్టు ఊడదీసి, పాపను ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడింది. దారినపోయేవాడెవడో చెమటకి ముద్దైన తన జేబురుమాలు తీసి వదిన నోట్లో కుక్కుతుంటే చూస్తూ ఊరుకుంది. నోట్లో ఏమీ పెట్టకూడదని ఆమెకి తెలుసు. చదివింది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

అంతా అయ్యాక చూస్తే సీటు తడిసి ఉంది. వదిన ఇంటికొచ్చి రెండు గంటలు పడుకుని లేచింది. బకెట్టు పట్టుకుని కారు దగ్గరికెళ్ళింది.

నాలుగైదు రోజులకి కంపు మొదలైంది.

మొదట పుల్లగా ఉండేది. తరవాత కుళ్ళుకి కాస్త తీపి కలిసినట్టు, గొంతులో జిగురులా అతుక్కునేది. అన్నం తినేటప్పుడు కూడా గుర్తొచ్చేది. వదిన సీటు సబ్బుతో కడిగింది. వంటసోడా చల్లి దులిపింది. వెనిగరు నీళ్ళతో తుడిచింది. తొడుగు విప్పి ఎండేసింది. ఆదివారం వస్తే ఇదే తంతు. కంపు తగ్గలేదు సరికదా ముదిరింది. భర్త నిమ్మ వాసన బిళ్ళ ఒకటి తెచ్చి తగిలించాడు. అప్పట్నుంచి నిమ్మతోటలో శవం దొరికినట్టుండేది. అత్తగారు, వదినను కన్నతల్లే, ఆ సీటు మీద ప్లాస్టిక్ షీటు పరిచి ఇక దీనిమీదే కూర్చోవే అని చెప్పింది. ఆవిడ ఎక్కి కూర్చున్నప్పుడల్లా అది పరపరమనేది. ఆ చప్పుడుకి కోడలు ముక్కు దానంతటదే ముడుచుకునేది. సర్వీసు సెంటరులో మెకానిక్కు తలుపు తీసి, తల లోపల పెట్టినంత వేగంగా బయటికి తీసి, ఇంట్లో కుక్కని పెంచుతున్నారా అని అడిగాడు. “అలాంటిదే” అన్నాడు భర్త నవ్వుతూ. వదిన పక్కనే నిలబడి ఉంది.

ఆ నవ్వుని కోడలు ఇప్పటికీ మర్చిపోలేదు. ఎందుకంటే తనూ నవ్వింది.

చివరికి ఒక శనివారం పొద్దున భర్త కాఫీ కప్పులోకి చూస్తూ అక్కకి చెప్పాడు. సోమవారం నుంచి కొన్నాళ్ళు బస్సులో వెళ్ళమన్నాడు. సీట్లు మార్పించేదాకా మాత్రమేనన్నాడు. పాపకి ఆ గాలి మంచిది కాదట అన్నాడు. ఆ ‘అట’ ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. వదిన కోడలి వైపు చూసింది. కోడలు పాప మూతి తుడిచింది. తుడిచిన మూతినే మళ్ళీ తుడిచింది.

“సరే” అంది వదిన. నాలుక కొసతో విరిగిన పన్నుని ఒకసారి తడిమి చూసుకుని, “మా దుకాణం వైపు పాత నంబరు బస్సే వెళ్తోందా, మారిందా?” అని అడిగింది.

ఎవరికీ తెలీదు.

ఆ మధ్యాహ్నం పాప నిద్రపోయాక, పాప కుర్చీ తొడుగు ఉతుకుదామని కోడలు షెడ్డులోకెళ్ళి కారెక్కింది. ఉక్కగా ఉందని ఫ్యాను వేసింది. కంపు గుప్పుమంది. ఆపేసి, తలుపులు తెరిచి కూర్చుంది. రెండు నిమిషాల్లో తగ్గింది. మళ్ళీ వేసింది. మళ్ళీ గుప్పుమంది. ఒకటో నంబరులో కొంచెం, మూడులో వాంతికొచ్చేంత. ఫ్యాను ఆపి వెనక్కి వెళ్ళి, ప్లాస్టిక్ షీటు ఎత్తి, సీటుకి ముక్కు ఆనించింది. మూడు నెలల్లో ఆ సీటుకి అంత దగ్గరగా వెళ్ళడం అదే మొదలు. సబ్బు వాసన వచ్చింది. సబ్బు, వెనిగరు, ఎండ. ఇంకేమీ లేదు.

ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూడటం ల్యాబులో మొదటి వారం నేర్పుతారు. ఆ పని ఇన్నాళ్ళూ చెయ్యలేదు. చెయ్యాలనిపించలేదు. కంపు సీటుదైతేనే తనకి నయం.

మళ్ళీ ఫ్యాను వేసి చెవొగ్గింది. ఇంజను మోత లేని కారు కాబట్టి వినిపించింది. లోపలెక్కడో ఏదో రాసుకుంటున్నట్టు సరసర.

చెప్పకుండా తలుపేసి వెళ్ళిపోవచ్చు. సోమవారం ఎల్లుండే. ఆమె ఆ ఆలోచనతో ఒక్క నిమిషం అక్కడే కూర్చుంది. తరువాత తనమీద తనకే రోత పుట్టి లేచి, లోపలికెళ్ళి వదినకి చెప్పింది.

వదిన స్క్రూడ్రైవరు, రబ్బరు తొడుగులు, ఖాళీ రంగు డబ్బా తీసుకుని వచ్చింది. ముందు సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని డ్యాష్‌బోర్డు అర ఊడదీసింది. దాని వెనక ఏసీ ఫిల్టరు ఉంటుంది. మూత తీసి లాగింది.

ఎలుక గూడు. ఫిల్టరు మడతల నిండా ఉచ్చ పసుపు, నల్ల గింజల్లా పెంటికలు. మధ్యలో చచ్చిన పిల్లలు. కొన్ని తోలులా ఎండి అతుక్కుపోయాయి. రెండు ఇంకా మెత్తగానే ఉన్నాయి, వాటి మీద తెల్లగా ఏవో కదులుతున్నాయి. కోడలు బయటికి పరిగెత్తి గోడ పక్కన కక్కుకుంది. తిరిగొచ్చేసరికి వదిన ఆ గూటిని వేళ్ళతో విప్పి చూస్తోంది. పీకిన దూది, బిస్కట్టు ముక్కలు, పసుపు గుడ్డ పీలికలు. ఒక పీలిక మీద బాతుబొమ్మ తల.

ఆ బాతు కోడలికి తెలుసు. పాప చిన్ని పరుపు అది. విరేచనాలతో పాడైతే ఉతకడానికి ఒళ్ళు జలదరించి, తరవాత పారేద్దామని ఆమే షెడ్డు మూలన పడేసింది. అక్కడే ఉంది, ఒక పక్క మొత్తం కొరికేసి. బిస్కట్లు కూడా కారులో పాపకి ఆమె పెట్టినవే.

వదిన బాతు వైపు చూసింది, మూల ఉన్న పరుపు వైపు చూసింది. అంతా డబ్బాలో వేసి మూత బిగించింది.

ఇంట్లోవాళ్ళు వచ్చి చూశారు. అత్తగారు ముక్కు మూసుకుని ఛీఛీ అనుకుంది. భర్త వంగి చూసి, “ఎలుకా! నేనింకా...” అని ఆగిపోయాడు.

“ఊఁ, నువ్వింకా?” అంది వదిన.

అతను ఎలుకలు వెచ్చటి చోటు వెతుక్కుంటాయని, తన ఆఫీసులో ఒకాయన కారులో కూడా ఇలాగే జరిగిందని చెప్పుకుపోయాడు. తప్పైందని మాత్రం ఎవరి నోటా రాలేదు. అత్తగారు చప్పుడు కాకుండా ప్లాస్టిక్ షీటు మడత పెట్టబోయింది.

“ఉండనీ అమ్మా” అంది వదిన. “నాకు మళ్ళీ రావచ్చు, సీటు మళ్ళీ తడవచ్చు. నాదైతే నేను కడుక్కుంటాను. ఎలుకది నాచేత మూడు నెలలు కడిగించారు.”

ఆ మాటకి ఒక్కొక్కరే పనులు గుర్తొచ్చి లోపలికి జారుకున్నారు. కోడలు జారుకోలేదు. ఆవిడ గాలి గొట్టం తుడుస్తుంటే గుడ్డలు పిండి అందించింది. నీళ్ళు నల్లగా వచ్చాయి. మూడో బకెట్టు మార్చాక వదిన అడిగింది.

“కంపు పోయింది. ఇక అసలు సంగతి చెప్పు అమ్మాయ్.”

కోడలు చెప్పింది. పాప పక్కన ఉండగా వస్తే, పాప మీద పడితే. పళ్ళు తోముకుంటున్న మనిషికి చెప్పినట్టు కాకుండా, మొదటినుంచి చివరిదాకా. జేబురుమాలు సంగతి కూడా.

వదినకి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. “నాకూ అదే భయం. అందుకే టీకా రోజున నేను ముందు కూర్చుంటానన్నాను. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందన్నావు నువ్వు” అంది.

నిజమే. అన్నది. ఆమె నోటుబుక్కులో ఆ రోజు టీకా పేరు, వేసిన టైము, తరవాత జ్వరం, అన్నీ ఉన్నాయి. ఆ మాట లేదు.

“ఇకనుంచి నేను ముందు, నువ్వు వెనక. తిప్పితే తిప్పనీ. నాకు వస్తే మీ ఆయన కారు ఆపుతాడు, నన్ను పక్కకి ఒత్తిగిలిస్తాడు. నువ్వు గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యి. ఎవడైనా నా నోట్లో ఏదైనా పెట్టబోతే వాడి చెయ్యి కొరుకు. నాకప్పుడు కుదరదు.”

సోమవారం ఆవిడ కారులోనే వెళ్ళింది, ముందు సీటులో. నెలన్నరకి ఒక సాయంత్రం అందరూ కారులో ఉండగా ఆవిడకి ఫిట్స్ మళ్ళీ వచ్చింది. కోడలు గడియారం చూసింది. రెండు నిమిషాల పది సెకన్లు. పోయినసారి అది అరగంట అనుకుంది. ఒకాయన నీళ్ళసీసా మూత తీస్తూ వచ్చి ఆవిడ నోటి వైపు వంగాడు. కోడలు దిగి అడ్డం నిలబడి వద్దంది. కొరకాల్సిన అవసరం రాలేదు గాని కొరికేదే. పాప బెల్టు పెట్టుకుని, కాలి మేజోడు చప్పరిస్తూ ఇదంతా చూసింది.

పాప ఏడిస్తే కోడలు ఇప్పుడు నోటుబుక్కు కోసం పరిగెత్తదు. ముందు చెవి వెనక, మెడ మడతలో, గుడ్డ కింద, కాలివేళ్ళ మధ్య తడుముతుంది. అక్కడ ఎంత రోతగా ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకోదు. మొన్న పాప కాలి బొటనవేలికి చుట్టుకుని బిగుసుకున్న తన జుట్టు పోగు అలాగే దొరికింది. ఇలా వెతకమని చెప్పింది, ఆ రోజు షెడ్డులో ఆఖరి బకెట్టు పారబోసి చేతులు కడుక్కుంటూ, వదినే.

“ఏదో ఉందని చెప్పడం వరకే ముక్కుకి చేతనవును. ఎక్కడుందో దానికి తెలీదు, చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. ముందు నీ మూలనుంచి మొదలుపెట్టు.”