సీనియరు గారి టీలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బెజవాడలో మా ఆఫీసు సీనియరు గారు గోడమీది క్యాలెండర్లో తిథి చూడనిదే ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించేవారు కాదు. ఒకసారి మా టెస్టింగు వెబ్‌సైటు కోసం ఆయన తయారుచేసిన సెక్యూరిటీ సర్టిఫికెట్‌ని కంప్యూటర్ చెల్లదు పొమ్మంది. పొద్దుటి నుంచీ నేను అన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తూనే ఉన్నాను. ఆయన నా మొహం చూడకుండా టీలు తెప్పిస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికి నోరు విప్పారు.

“నిన్న అమావాస్య కదండీ. కంప్యూటర్లో తేదీని దశమికి జరిపి సర్టిఫికెట్ చేశాను. తర్వాత మళ్లీ వెనక్కి పెట్టేశానండీ.”

సర్టిఫికెట్ దానిమీది తేదీ నుంచే చెల్లుతుంది. అంటే, దశమి వచ్చేదాకా అది చెల్లదన్నమాట! కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది.

“పోన్లెండి సార్, ఇప్పుడే కొత్తది చేసేద్దాం.”

ఆయన క్యాలెండర్ వైపు దొంగచూపు చూశారు. నాకు ఇంకో టీ చెప్పి, తలదించుకుని అన్నారు:

“ఇవాళ పాడ్యమి కదండీ.”